లచ్చి తలకాయ

సెలవుల తర్వాత హాస్టల్‌కి వచ్చిన రోజు నా వేళ్ళ కొసలు తెల్లబడి, పొట్టు లేచి ఉన్నాయి. "గోరింటాకు బదులు సున్నం పెట్టుకున్నావా ఏంటే?" అని రూమ్మేట్లు నవ్వారు. బర్రె తలకాయ కడిగానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. సెలవుల్లో చేసిన పని గురించి గోడపత్రికకి రాయమని మేడమ్ అడిగినప్పుడు, ఆ సంగతే మొత్తం రాసేద్దామనుకున్నాను. ఇది చదివాకైనా నమ్ముతారేమో చూడాలి.

మా ఇల్లు ముంబైలో, దాదర్ తూర్పున, నాయ్‌గావ్ బీడీడీ చాళ్ళలో. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించింది కాబట్టి వాటికా పేరు. ఒక్కో కుటుంబానికి ఒకే గది, 160 చదరపు అడుగులు. గది మూలన మోరి ఉంటుంది, స్నానమైనా గిన్నెలైనా అక్కడే. పైన చెక్కలతో కట్టుకున్న మాళా, అంటే మన అటక. ఇప్పుడు ఆ చాళ్ళు కూలగొట్టి టవర్లు కడుతున్నారు. ఒక్కో కుటుంబానికి 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తారు. మా బిల్డింగు ఖాళీ చేసే వంతు ఈ వేసవిలో వచ్చింది.

నలభై ఏళ్ళ సామాను కిందకి దించుతుంటే మాళా చివర ఒక గోనెసంచి దొరికింది. విప్పగానే పిండిలాంటి దుమ్ము రాలింది. లోపల రెండు పెద్ద కొమ్ములతో ఒక బర్రె పుర్రె. మసి, నూనె జిడ్డు, సాలెగూళ్ళు. కొమ్ముల మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలు.

"ఇది కచరాలో వెయ్" అన్నాడు నాన్న.

"అది నా లచ్చి" అంది అవ్వ.

అవ్వ అంటే మా నాన్న తల్లి. మాది ఒకప్పటి పాలమూరు జిల్లాలోని మక్తల్ దగ్గర ఊరు. మేం గొల్లవాళ్ళం. మా వైపు "బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి" అని ఒక మాట ఉంది, కూలి కోసం పోయే మూడు దిక్కులు అవే అని. మా తాత మొదటి దిక్కుకి పోయాడు. బట్టల మిల్లులో పని. అవ్వ మాత్రం పిల్లలతో ఊళ్ళోనే ఉండేది, లచ్చిని చూసుకుంటూ.

1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకుడు. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపేశారు. ఆ సమ్మె ఇప్పటికీ లెక్క ప్రకారం ముగియలేదంటారు, ఎందుకంటే ఎత్తేశామని ఎవరూ ప్రకటించలేదు. మా తాత ఉద్యోగం మాత్రం ముగిసింది. మనియార్డర్లు ఆగిపోయాయి. ఏడాదిన్నర పాటు ఇంట్లోకి వచ్చిన డబ్బు లచ్చి పాల డబ్బు ఒక్కటే. అప్పటికి మా నాన్నకి రెండేళ్ళు. "లచ్చి లేకుంటే మీ నాయిన లేడు, నువ్వు లేవు" అని అవ్వ ఎప్పుడూ అనేది. చిన్నప్పుడు దాన్ని ఏదో దేవత పేరనుకునేదాన్ని.

లచ్చి 1987లో ముసలిదై చచ్చిపోయింది. మర్నాటి ఏడు అవ్వ పిల్లల్ని తీసుకుని రాయచూరులో రైలెక్కి దాదర్‌లో దిగింది. ఒక రేకుపెట్టె, ఒక గోనెసంచి తెచ్చుకుంది. సంచిలో ఉన్నది ఇదే. తాత దీన్ని తలుపు పైన మేకుకి తగిలించాడట. నేను పుట్టినప్పుడు మా మేనత్త "పసిబిడ్డ ఉన్న ఇంట్ల యముని వాహనం ఏందమ్మా" అని గోల చేస్తే మాళా ఎక్కింది. అంటే నా మూలంగానే అది ఇరవై ఏళ్ళు చీకట్లో ఉండి పురుగులు పట్టిపోయింది. శుభ్రం చేసే పని నేను తీసుకోవడానికి అదొక కారణం. ఇంకో కారణం నిజం చెప్పాలంటే షోకు. తెల్లటి పుర్రెలు, నల్లగా మెరిసే కొమ్ములు గోడకి తగిలించుకున్న ఇళ్ళ ఫొటోలు ఫోన్లో చూశాను. మనదీ అలా చేసి, కొత్త ఇంట్లో పెడదామనుకున్నాను.

మొదటిరోజే తప్పు చేశాను. మోరిలో పెట్టి, బాత్రూములు కడిగే బ్లీచింగ్ నీళ్ళు నుదుటి ఎముక మీద పోసి బ్రష్‌తో రుద్దాను. తెల్లబడింది. సంతోషంతో ఇంకాస్త పోశాను. ఆరాక ముట్టుకుంటే అరచెయ్యంత మేర సుద్దముక్కలా పొడి రాలింది.

ఆ వాసనకి మా నడవలో మూడో గది కాకా వచ్చారు. మరాఠీ ఆయన. పరేల్‌లో 1886 నుంచి ఉన్న పశువైద్య కళాశాలలో, అనాటమీ విభాగంలో అటెండరుగా పనిచేసి రిటైరయ్యారు. పిల్లలకి చూపించే ఎముకల గూళ్ళు తయారుచేసే చోట ముప్పై ఏళ్ళు ఉన్న మనిషి. రాగానే "ఏ జంతువు?" అని అడిగారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింక కొమ్మో అడవిదున్న కొమ్మో కాగితాలు లేకుండా ఇంట్లో ఉంచుకుంటే నేరమట. ఇంటి బర్రె అని తెలిశాక కింద కూర్చున్నారు. "ఎముకకి బ్లీచింగ్ పోస్తే దాన్ని పట్టి ఉంచేది లోపల్నుంచి తినేస్తుంది. కడిగేసినా కొన్నాళ్ళు తింటూనే ఉంటుంది. ఉడకబెట్టావా కొంపదీసి?" అన్నారు. లేదన్నాను. "బతికిపోయావు. ఉడికిస్తే కొవ్వు ఎముక లోపలికి ఇంకిపోయి ఎప్పటికీ పసుపుగా కారుతుంది. ముక్కు దగ్గరి రేకులు విరిగిపోతాయి" అన్నారు.

అప్పట్నుంచి పని ఆయన చెప్పినట్టే జరిగింది. మీలో ఎవరికైనా పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

ముందు పురుగులు. కొమ్ముల్లోంచి రాలిన దుమ్ములో వెంట్రుకలున్న గోధుమరంగు పురుగులు కనిపించాయి, బియ్యపుగింజలో సగం ఉంటాయి. ఊలు, పట్టు, ఈకలు తినే జాతి ఇదే. కొమ్ము పైపొర మన గోరు, జుట్టు ఉన్న పదార్థమే, అందుకని దాన్నీ తింటాయి. మందు కొట్టలేదు. పుర్రెని పాత చీరలో చుట్టి, నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, మే నెల ఎండలో బిల్డింగు ముందు పెట్టాం. ఆ వేడికే అవి చస్తాయి. చీర చుట్టకపోతే ఎండకి కొమ్ము పగులుతుంది. పిల్లలు క్రికెట్ బాల్ వేస్తారని కాకా స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నారు.

తర్వాత కొమ్ములు ఊడదీయడం. జింక కొమ్ము నిండా ఎముకే, ఏటా రాలి మళ్ళీ మొలుస్తుంది. బర్రె కొమ్ము అలా కాదు. లోపల పుర్రెలోంచి వచ్చిన ఎముక దుంప, పైన తొడుగు. జన్మంతా అదే పెరుగుతుంది. మొదట్లో గోరువెచ్చటి తడిగుడ్డ చుట్టి ఉంచి, మెల్లగా తిప్పాలి. కుడిది ఇట్టే వచ్చింది. ఎడమది రెండ్రోజులు పట్టింది. లోపల ముప్పై ఏడేళ్ళ దుమ్ము, పురుగుల పొట్టు.

పుర్రె నానబెట్టడానికి మా ఇంట్లో ఉన్న బకెట్టు చాలలేదు. చేపలమ్మే మావ్‌శీ తన ప్లాస్టిక్ టబ్బు ఇచ్చింది. గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళు, పాత టూత్‌బ్రష్షు, అంతే. రోజూ నీళ్ళు మార్చాలి. మొదటిరోజు నీళ్ళు టీ డికాక్షన్‌లా వచ్చాయి, ఆరో రోజుకి తేటపడ్డాయి. నీడలో ఆరబెట్టాం. మరకలున్న చోట మాత్రం మందులషాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దూదితో అద్దాం. అది కొమ్ము మీద పడితే రంగు పోతుంది. చేతికి గ్లౌజులు లేకపోతే నా వేళ్ళలా అవుతుంది. ఊగుతున్న రెండు దవడపళ్ళకీ, నేను పాడుచేసిన నుదుటికీ నీళ్ళలో పల్చగా కలిపిన ఫెవికాల్ పూశాం. "రేపెవరైనా నీకంటే తెలిసినవాళ్ళు వస్తే తీసేయగలిగే బంకే వాడాలి" అన్నారు కాకా. నుదుటి మీద ఆ సుద్దమచ్చ ఇంకా ఉంది. అది నా చేతి గుర్తు, ఇక పోదు.

చివరికి కొమ్ములు. నాకు కావలసిన మెరుపు అక్కడే ఉంది. గరుకు కాగితం తెచ్చుకుని కుడికొమ్ము రుద్దడం మొదలుపెట్టాను. కొస దగ్గర జానెడు మేర నునుపుగా, నల్లగా అద్దంలా వచ్చింది. అవ్వ చపాతీ పిండి కలుపుతున్నదల్లా అలాగే లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకే గట్ల గీకుతున్నవ్? గవి పోతే లచ్చి ఏడ మిగుల్తది?"

"ఏవి అవ్వా?"

పిండి చేత్తోనే కొమ్ము మీది వలయాలు ఒక్కొక్కటి తడిమింది. కొస నుంచి మొదటికి. "గిది తొలి ఈత. గిది రెండోది, దూడ బతకలే. గిది మీ నాయిన పుట్టిన యేడు. గీ రెండు దగ్గర దగ్గర ఉన్నయ్ జూడు, గవి సమ్మె దినాలు. మేతకే లేకుండె. మేం దాని కడుపు కట్టి పాలు పిండుకున్నం."

కాకాని అడిగాను. చూలుతో ఉన్నప్పుడో మేత కరువైనప్పుడో కొమ్ము సరిగా పెరగదు, అక్కడ నొక్కు పడి వలయం ఏర్పడుతుంది, పశువుల వయసు కట్టడానికి డాక్టర్లు కూడా వాటిని చూస్తారు అన్నారు. "కానీ బర్రెకి గీతలు ఎక్కువ, ఇదే ఆ సంవత్సరమని రాసివ్వలేం" అని కూడా అన్నారు. అవ్వ లెక్క ఎంత నిజమో అందుకని నేను చెప్పలేను. గరుకు కాగితం మాత్రం పక్కన పెట్టేశాను. మెత్తటి గుడ్డతో కొంచెం తేనెమైనం రుద్దాను. అద్దంలా కాలేదు. బతికున్న బర్రె కొమ్ములా, బురదలోంచి లేచి ఆరినట్టు ఉంది. పురుగులు చేసిన రంధ్రాలు పూడ్చలేదు.

ఇక్కడితో అయిపోతే ఇది "ఇంట్లో పాత వస్తువులు బాగుచేసుకోవడం ఎలా" అనే వ్యాసం అయ్యేది.

శుభ్రమయ్యాక కాకా పుర్రెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఎముక మీద సన్నటి వంకర గీతలున్నాయి, చీమ నడిచిన దారిలా. "ఇవి గడ్డివేళ్ళ గుర్తులు. దీన్ని పాతిపెట్టి తీశారు" అన్నారు. తర్వాత వెనక్కి తిప్పారు. మెడ ఎముక వచ్చి కూర్చునే రెండు గుండ్రటి బుడిపెల పక్కన చిన్న కత్తిగాటు ఒకటే ఉంది. "గొడ్డలి దెబ్బ లేదు చూడు. సరిగ్గా కీలు మీద కోశారు. చర్మం తీసినప్పుడు కూడా ఎముకకి కత్తి తగల్లేదు. మా కాలేజీలో కొత్త పిల్లలకి ఇది రావడానికి రెండేళ్ళు పడుతుంది. ఎవరు చేశారు?"

నాకు తెలియదు. అప్పటిదాకా ఆ ప్రశ్నే నాకు తట్టలేదు. పుర్రె అలా శుభ్రంగా తనంతట తనే వచ్చిందనుకున్నాను.

కాకా ఒక అట్టముక్క కోసి ఇచ్చారు. "లేబుల్ రాయి. లేబుల్ లేనిది ఒట్టి ఎముకే, మ్యూజియంలో దానికి విలువ లేదు" అని, తమ దగ్గర రాసే వరస చెప్పారు. నేను రాశాను. జంతువు: బర్రె. ఆడది. ఊరు: మక్తల్ దగ్గర. చనిపోయింది: 1987. ఆఖరి వరస: తయారుచేసినవారు.

"నీ పేరు రాసేసుకోకు, నువ్వు కడిగావంతే" అన్నారు.

ఆ రాత్రి అవ్వని అడిగాను. కరెంటు పోయి అందరం నడవలో చాపలేసుకుని కూర్చున్నాం. అవ్వ మొదట నవ్వింది, "ఇంకెవలు జేస్తరు, మాదిగవాడ నుంచి ఒచ్చి తీస్కపోయిన్రు" అని. ఊళ్ళో పశువు చస్తే ఈడ్చుకుపోయేది వాళ్ళే. తోలు వాళ్ళు తీసుకునేవాళ్ళు. లచ్చిని తీసుకుపోతుంటే అవ్వ వెంటపడి ఏడ్చిందట, తలకాయ నాకియ్యి అని. అందరూ పిచ్చిదనుకున్నారు. ఆ పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. "ఇప్పుడిస్తే కుళ్ళుతది. ఒక వానకాలం, ఒక ఎండకాలం ఆగు" అన్నాడట. చెలక గట్టు మీద చీమలున్న చోటు చూసి పాతిపెట్టి, కుక్కలు తవ్వకుండా తుమ్మకంపా రాళ్ళూ పెట్టాడు. మర్నాటి వేసవిలో తీసి, చెరువులో కడిగి, బూడిదతో రుద్ది, సరిగ్గా అవ్వ బొంబాయి బయలుదేరే ముందు తన తువ్వాలలో కట్టుకుని తెచ్చాడు.

"నువ్వేమిచ్చినవ్ అవ్వా?"

"మూడు సేర్ల జొన్నలు."

కాసేపాగి తనే అంది: "చేతికియ్యలే. మీదికెల్లి తువ్వాలల పోసిన."

"ఆయన పేరేంది?"

అవ్వకి లచ్చి పేరు తెలుసు. లచ్చి తల్లి పేరు తెలుసు. బతికిన దూడల్లో ఒక్కొక్కదాని పేరూ, రంగూ, ఎవరికి ఎంతకి అమ్మారో కూడా చెప్పింది. ఆయన పేరు దగ్గరికొచ్చేసరికి చీకట్లోకి చూస్తూ ఉండిపోయింది. "పేరా... పెద్దోడు అనేటోళ్ళం."

జాషువా 'గబ్బిలం' మనం క్లాసులో చదువుకున్నాం. ఆ కథానాయకుడు తోలుపని చేసే కులంవాడని, గుడిలోకి పోలేక గబ్బిలంతో తన బాధ చెప్పుకున్నాడని మేడమ్ చెప్తుంటే నోట్సు రాసుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నకి మంచి మార్కులొచ్చాయి. ఆ నోట్సులో ఉన్నదంతా వేరే ఎవరి ఊళ్ళోనో జరిగిందన్నట్టే చదివాను. మా ఇంటి మాళా మీద గోనెసంచిలో ఉందనుకోలేదు.

పొద్దున కాకాకి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "మా తాత చేసింది కూడా ఇదే పని, కొంకణ్‌లో. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువుల మాంసం తినడం మానండి అన్నారు. మా వాళ్ళు మాంసం మానారు, పశువుల్ని ఈడ్వడమూ మానారు. తిండిలేక పస్తులున్నారు కానీ మళ్ళీ పోలేదు. తర్వాత నాకు ఉద్యోగం ఏం దొరికిందో చూడు, అదే పని! తాత చేస్తే అంటు, కాలేజీలో చేస్తే అనాటమీ. తాతకి ఊరి బయట గుడిసె, నాకు పెన్షన్" అని నవ్వారు. ఆ నవ్వుకి నేను నవ్వలేకపోయాను.

ఫోర్ట్ దగ్గరి మ్యూజియంలో జంతువుల గ్యాలరీ చిన్నప్పుడు స్కూలు నుంచి వెళ్ళి చూశాను. ఆయన చెప్పాక ఆలోచించాను. రాజుల బంగళాల్లో గోడలకి తగిలించిన తలల కింద ఇత్తడి పలకల మీద వేటాడినవాడి పేరు, అడవి పేరు, తారీఖు ఉంటాయి. మైసూరులో వాన్ ఇంజెన్ కంపెనీ 1900 నుంచి 1999 దాకా పులులవీ దున్నలవీ తలలు తయారుచేసింది, వాళ్ళ పేరుకి లోకమంతా విలువ. ఇప్పుడు బోరివలీ నేషనల్ పార్కులో 2009 నుంచి ఉన్న కేంద్రంలో ఆ పని చేస్తున్న డాక్టర్ సంతోష్ గైక్వాడ్ గురించి పేపర్లలో రాస్తారు, రాయాల్సిందే. ఊరూరా కీలు తెలిసి కోసినవాళ్ళ, ఏ మట్టిలో ఎన్నాళ్ళు ఉంచాలో తెలిసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ పలక మీదా లేవు. మా ఇంటి అట్టముక్క మీద కూడా ఆ వరస ఖాళీగానే ఉంది.

ఆయన కొడుకు కూడా బొంబాయి వచ్చాడని, కామాటిపురాలో ఉంటాడని తాత అనేవాడని అవ్వకి గుర్తొచ్చింది. కామాటిపుర అనగానే మీలో కొందరు మొహం అదోలా పెడతారని నాకు తెలుసు. నేను ముంబై అమ్మాయినని చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ పేరెత్తి నవ్వుతారు. ఆ పేరు వచ్చింది కామాటీల వల్ల. మన తెలంగాణ నుంచి వెళ్ళి బొంబాయి రోడ్లూ మేడలూ కట్టిన కూలీలు వాళ్ళు. ఇప్పటికీ ఆ గల్లీల్లో బతుకమ్మ పాట వినిపిస్తుంది.

అవ్వా నేనూ బస్సెక్కి వెళ్ళాం. అన్ని గల్లీల్లో ఎవర్ని అడగాలో తెలియక, ఒక టీ కొట్టు దగ్గర తెలుగు వినిపిస్తే మా ఊరి పేరు చెప్పాం. అక్కణ్ణుంచి ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపారు. మూడో గుమ్మం దగ్గర అరవై దాటిన ఒకావిడ మిరపకాయలు తొడిమలు తీస్తూ కూర్చుంది. కొడుకు చనిపోయాడు. ఈమె కోడలు. పక్కన ఆమె కొడుకు, ఇళ్ళకి సీలింగ్ పని చేస్తాడు, ఒంటి నిండా తెల్ల పొడితో అప్పుడే వచ్చాడు.

అవ్వ ఏదో చెప్పబోయి తడబడింది. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పింది. ఆవిడ తల ఎత్తి అవ్వని చూసింది. "నువ్వు బర్రె తలకాయ అడిగిన ఆమెవి గదా?" అంది. అని, మా అవ్వ పేరు చెప్పింది.

వాళ్ళ మామ ఆ సంగతి ఇంట్లో చెప్తుండేవాడట. చచ్చిన పశువు కోసం తోలు అడిగేవాళ్ళు, చెప్పులు అడిగేవాళ్ళు, డప్పు అడిగేవాళ్ళు ఉన్నారుగాని, తలకాయ కోసం ఏడ్చిన మనిషి ఈమె ఒక్కతే అని. అందుకని ఎక్కువ జాగ్రత్తగా చేశానని కూడా చెప్పేవాడట. ముప్పై ఏడేళ్ళు వాళ్ళింట్లో మా అవ్వ పేరు ఉంది.

ఆవిడ టీ పెట్టి ఇచ్చింది. అవ్వ రెండు చేతులతో అందుకుని తాగింది. ఇదొక పెద్ద విషయమని నేననను, అవ్వ ముంబైలో అందరి చేతి టీ తాగుతుంది. కాకపోతే గ్లాసు కింద పెట్టకుండా చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. ఆవిడే అడగకుండా మామ పేరు చెప్పింది. నేను ఫోన్లో రాసుకున్నాను.

ఆ పేరు లేబుల్ మీద రాస్తానని, మా కాలేజీ గోడపత్రికలో కూడా రాస్తానని సంతోషంగా అన్నాను. పొడి దులుపుకుంటున్న మనవడు ఆగాడు.

"గోడ మీద వద్దక్కా. మా తాత పేరు, ఆయన జేసిన పని రెండూ ఒక్క దగ్గర చదివినోళ్ళు ముందు ఆయన చెయ్యి జూడరు, మా కులం జూస్తరు. మా చెల్లె కూడా హైదరాబాద్‌లనే చదువుతున్నది. మీ ఇంట్ల రాస్కో. పెద్దగ రాస్కో."

ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. సరే అన్నాను. అందుకని మీకు ఆ పేరు ఇక్కడ కనిపించదు. ఒక మనిషి పేరు మర్చిపోవడం మా ఇంట్లోవాళ్ళు చేసిన తప్పు. ఆ పేరు బయట చెప్పలేని పరిస్థితి ఎవరి తప్పో, ఈ గోడ ముందు నిలబడి చదువుతున్న మనమందరం ఆలోచించుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అవ్వ ఒక్క మాటే అంది: "జొన్నల సంగతి ఆమె అడగలే."

జూన్‌లో ఇల్లు మారాం. టవరు పూర్తయ్యేదాకా ఉండే అద్దె ఇల్లు అది, గోడలకి మేకులు కొట్టొద్దని యజమాని షరతు. నాన్నే వడ్రంగి దగ్గర చెక్కపలక కోయించి తెచ్చి అలమారా మీద నిలబెట్టాడు, కచరా అన్న మనిషే. కొమ్ములు తొడిగాం. ఒక కొస మాత్రం మెరుస్తుంది, నేను గీకింది. నుదుట సుద్దమచ్చ, అదీ నాదే. కింద అట్టముక్క. ఆఖరి వరసలో ఆయన పేరు, ఆయన మనవడు చెప్పినట్టే పెద్ద అక్షరాలతో రాశాను. దాని కింద చిన్నగా "కడిగింది" అని నా పేరు రాయమన్నారు కాకా, రాశాను.

ఇంటికొచ్చిన చుట్టాలు ముందు కొమ్ములు చూస్తారు, తర్వాత చీటీ చదివి "ఈయనెవరు?" అంటారు. చెప్పే పని అవ్వది. మొన్న ఫోన్ చేసినప్పుడు అడిగాను, ఏం చెప్తున్నావని. పాతిపెట్టడం, చీమలు, తువ్వాలలో కట్టుకొచ్చి ఇవ్వడం, అన్నీ చెప్తుందట.

జొన్నలు ఎలా పోసిందో చెప్తుందా లేదా అని నేను అడగలేదు. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు పక్కన కూర్చుని వింటాను.